పద్దెనిమిదో రోజు

బ్లాజెయ్ కారు నంబరు కొట్టాడు. దేశం స్లొవాకియా అని ఎంచుకున్నాడు. ఆ తర్వాత తెర మీద మూడో ప్రశ్న వచ్చింది. పాస్ ఎన్నాళ్ళకు కావాలి? పది రోజులకా, రెండు నెలలకా, ఏడాదికా? అక్కడ అతని చెయ్యి ఆగిపోయింది.

శనివారం మధ్యాహ్నం. పక్క గదిలో భార్య యుడితా రేపటి ప్రయాణానికి బట్టలు సర్దుకుంటోంది. ఆస్ట్రియాలో గ్రాట్స్ దగ్గర ఒక పల్లెటూళ్ళో హెర్మీనె అని తొంభై ఏళ్ళావిడ ఉంది. ఆవిణ్ణి కనిపెట్టుకుని ఉండే పని యుడితాది. మూడు వారాలు అక్కడ, మూడు వారాలు ఇంట్లో. ఆ మూడు వారాల విడతను ఇక్కడ టుర్నుస్ అంటారు. గెమెర్ కొండల మధ్య ఉన్న ఈ చిన్న ఊళ్ళో ఏ మెట్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుపడినా ముందు అడిగేది నీ టుర్నుస్ ఎప్పుడనే. యుడితాకు ఇది రెండోది. మొదటిసారి నవంబరు ఆఖర్న ఏజెన్సీ వ్యానులో వెళ్ళి, క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు తిరిగొచ్చింది. అప్పుడు ఇద్దరూ ఒక్కసారికే అనుకున్నారు. ఇప్పుడు సొంత కారులో వెళ్తోంది. ఆస్ట్రియా పెద్ద రోడ్లు ఎక్కాలంటే టోల్ పాస్ ఉండాలి. ఆన్‌లైన్‌లో కొంటే అద్దానికి కాగితం అంటించే పని కూడా లేదు, కారు నంబరు మీద రాసేసుకుంటారు. అది నేను కొనిపెడతానని పొద్దున్న బ్లాజెయ్ తనంతట తానే అన్నాడు. నేను చూసుకుంటాలే అంది యుడితా, పెట్టెలోంచి తలెత్తకుండా. పాపం, ఆవిడకు ఇవాళ వంద పనులు అనుకున్నాడతను.

బ్లాజెయ్ ఊరి బళ్ళో భౌతిక, రసాయన శాస్త్రాలు చెబుతాడు. యుడితా ఆసుపత్రి ల్యాబులో రక్త పరీక్షలు చేసేది. రెండేళ్ళ కిందట ఆ ల్యాబును తీసుకెళ్ళి తొంభై కిలోమీటర్ల అవతల పెద్ద ఆసుపత్రిలో కలిపేశారు. అంత దూరం రోజూ వెళ్ళొచ్చే దారి లేదు, ఈ ఊళ్ళో ఆమె చదువుకు తగిన పని ఇంకొకటి లేదు. కొన్నాళ్ళు సూపర్ మార్కెట్‌లో బిల్లులు కొట్టింది. ఆ తర్వాత పొరుగింటి వాలికాతో మాట్లాడింది. వాలికా పదకొండేళ్ళ నుంచీ టుర్నుస్‌లకు వెళ్ళొస్తున్న మనిషి.

దేన్నైనా కొలిస్తే అది కాస్త లొంగుతుందని బ్లాజెయ్ నమ్మకం. కూతురు లియంకా పుట్టినప్పటి నుంచీ ఒక నోటు పుస్తకం పెట్టాడు. ఎన్ని పాలు తాగింది, ఎన్ని గంటలు పడుకుంది, జ్వరం ఎంత ఉంది, అన్నీ గంటల వారీగా రాశాడు. పాపకు ఇప్పుడు మూడున్నర ఏళ్ళు. చెవి పోటు వచ్చిన ప్రతిసారీ ఇంకా గ్రాఫు కాగితం బయటికి వస్తుంది. జ్వరం తగ్గేది మందుకే గాని గ్రాఫుకు కాదని అతనికి తెలుసు. అయినా గీత కిందికి దిగుతుంటే ఊపిరాడేది.

యుడితా మొదటి టుర్నుస్ నుంచి వచ్చిన రోజున లియంకా నాయనమ్మ వెనక దాక్కుంది. బొమ్మ అందుకుని, వాళ్ళ నాన్న దగ్గరకు పరుగెత్తి, "తేతా ఇచ్చింది" అంది. తేతా అంటే ఇక్కడ పిల్లలు పరాయి ఆడవాళ్ళను పిలిచే పిలుపు. బళ్ళో వంటావిడ తేతా, బస్సులో పక్కన కూర్చున్నావిడ తేతా. యుడితా అందరితో పాటు నవ్వింది. నవ్వి, స్నానాల గదిలోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది. మూడు రోజులకు పాప మళ్ళీ అమ్మా అని పిలిచింది. ఆ రాత్రి బ్లాజెయ్ నోటు పుస్తకం తీసి, మూడు వారాలకు మూడు రోజులు అని రాశాడు. ఏడాది పొడుగునా ఇలా అయితే ఎన్ని రోజులని లెక్క మొదలుపెట్టి, సగంలో కాగితం మడిచేశాడు.

జనవరి మొదటి వారంలో ఒక పట్టిక కూడా వేశాడు. ఒక పక్క వెళ్తే, ఒక పక్క వెళ్ళకపోతే. యుడితా దాన్ని శ్రద్ధగా చదివి, ఇందులో లియంకా ఏ పక్కన ఉందని అడిగింది. రెండు పక్కలా ఉందన్నాడు. ఆమె ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద పెట్టి, పాపకు పాలు కాచడానికి వెళ్ళింది. ఆ తర్వాత నెల రోజులూ ఆ మాట ఇంట్లో నలుగుతూనే ఉంది. ఈ ఒక్కసారికి వెళ్ళొస్తానని యుడితా, చూద్దాంలే అని బ్లాజెయ్. ఈ విడత తర్వాతి సంగతి ఇంకా ఏదీ తేలలేదనే అతను అనుకుంటున్నాడు.

అందుకే ఆ మూడో ప్రశ్న దగ్గర అతనికి చెయ్యి ఆడలేదు. బుద్ధున్నవాడెవడైనా రెండు నెలల పాస్ కొంటాడు, రానూ పోనూ ఒక్కదానితో సరిపోతుంది. పది రోజుల పాస్‌తో వెళ్ళడం మాత్రమే అవుతుంది. మూడు వారాల తర్వాత తిరిగి రావడానికి ఇంకోటి కొనాలి. కానీ పది రోజులదైతే అయిపోతుంది. అయిపోయిన ప్రతిసారీ మళ్ళీ ఇదే ప్రశ్న ఎదురొస్తుంది, మళ్ళీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సి వస్తుంది. ఏడాది పాస్ అంటే ఇంక మాట్లాడుకోవడానికేం మిగలదు. వాలికా ఏడాదిదే కొంటుంది. ఆవిడకు అది రోజూ తాగే కాఫీ లాంటిది.

పది రోజులు అన్న చోట నొక్కాడు. చిన్నప్పుడు చదరంగంలో మంచి ఎత్తు వేసినప్పుడు కలిగే తృప్తి లాంటిదేదో కలిగింది. కింద నియమాలన్నీ వరసగా చదివాడు. చిన్న అక్షరాలు వదిలిపెట్టే మనిషి కాడు. ఆన్‌లైన్‌లో ఏడాది పాస్ కొనేవాళ్ళకు అది పద్దెనిమిదో రోజు నుంచి గాని చెల్లదట. కొన్నవాడు మనసు మార్చుకుంటే రద్దు చేసుకోవడానికి చట్టం పద్నాలుగు రోజుల గడువిస్తుంది, ఆ గడువు మీద ఇంకో మూడు రోజులు దాటాకే పాస్ మొదలవుతుంది. మనకు దానితో పని లేదనుకుని కొనే బొత్తాం నొక్కాడు.

తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఈ వాహనానికి ఆ తేదీల్లో ఇప్పటికే పాస్ ఉంది. ఏడాది పాస్. నిన్న శుక్రవారమే మొదలైంది, వచ్చే జనవరి ముప్పై ఒకటి దాకా చెల్లుతుంది.

నంబరు తప్పు కొట్టానేమోనని మళ్ళీ చూసుకున్నాడు. తప్పు లేదు. శుక్రవారాన్ని కూడా కలుపుకుని పద్దెనిమిది రోజులు వెనక్కి లెక్కపెట్టాడు. అది మంగళవారం అయింది. ఆ సాయంత్రం యుడితా ల్యాప్‌టాప్‌ను వాషింగ్ మెషీన్ మీద పెట్టుకుని నిలబడి ఏదో చేసుకుంటుంటే, వెలుతురు చాలదని తనే స్నానాల గదిలో లైటు వేసి వెళ్ళాడు. పద్నాలుగు రోజుల గడువు ఇంకో లెక్క. అది ఈ వారం మంగళవారంతోనే అయిపోయింది. పోయిన ఆదివారం పాపకు మంచు బండి లాగుతూ, ఇంకోసారి ఆలోచించుకుందామని అతను అన్నప్పుడు ఇంకా రెండు రోజులు మిగిలే ఉన్నాయి. ఆ మాట విని ఆమె ఊఁ అంది.

లేచి పక్క గదిలోకి వెళ్ళబోతుంటే తలుపు తోసుకుని అతని తల్లి మార్గితా వచ్చింది. కింది అంతస్తులోనే ఉంటుంది. ప్లమ్ జామ్ పెట్టి కాల్చిన బుఖ్తి బన్నులు పెద్ద డబ్బా నిండా తెచ్చింది, దారిలో తినడానికి. కొడుకు ముఖం చూసి కుర్చీ లాక్కుని కూర్చుంది. మీ నాన్న ఆరేళ్ళు చెక్ గనుల్లో పని చేశాడు, నెలకోసారి వచ్చేవాడు, అప్పుడు నన్నెవరూ పరామర్శించలేదని మొదలుపెట్టింది.

"మగాడు పోతే ఉద్యోగానికి పోయాడంటారు. ఆడది పోతే ఇంట్లో పీనుగ లేచినట్టు కూర్చుంటారు. నీ మొహం ఏంట్రా అలా ఉంది?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే ఈ డబ్బాకి మూత పెట్టు. నా వేళ్ళకి పట్టడంలేదు."

అతను మూత పెట్టాడు. మార్గితా మనవరాలిని చంకనేసుకుని, ఆ పిల్ల చెవిలో ఏదో చెబుతూ కిందికి దిగిపోయింది. ఇంట్లో ఇద్దరే మిగిలారు. బ్లాజెయ్ గది గుమ్మంలో నిలబడ్డాడు.

"పాస్ ఉందట."

యుడితా చేతిలోని స్వెట్టర్‌ను నెమ్మదిగా మడిచింది. తర్వాత, "నేను చూసుకుంటానన్నాను కదా" అంది.

"ఎప్పుడు చెప్దామనుకున్నావు?"

"నువ్వు అడిగినప్పుడు."

"నెల రోజుల నుంచి అడుగుతూనే ఉన్నాను."

"నువ్వు అడగలేదు బ్లాజెయ్. పట్టిక వేశావు. రంగు పెన్నులతో."

అతను మంచం అంచు మీద కూర్చున్నాడు. ఆమె తనే చెప్పుకొచ్చింది. జనవరిలో హెర్మీనె కూతురు ఫోన్ చేసిందట. ఏడాదంతా వస్తానంటే ఇంకెవరినీ వెతకం, లేదంటే వేరే మనిషిని చూసుకుంటాం అందట. యుడితా రెండు వారాలు గడువు అడిగింది. ఆ రోజే పాస్ కొంది. రద్దు చేసుకునే వీలుంది కాబట్టే కొన్నానంది. రోజూ పొద్దున్నే ఆ మెయిల్ తెరిచి చూసేదట. అడుగున, రద్దు చేసుకోవాలంటే ఇక్కడ నొక్కండి అని ఉండేదట.

"పద్నాలుగో రోజు సాయంత్రం దాకా చూశాను. ఆ రోజు నువ్వు లియంకా జ్వరం గీత నాకు చూపించి, తగ్గుతోంది చూడు అన్నావు. నిజంగానే తగ్గుతోంది. నేను వరండాలోకి వెళ్ళి హెర్మీనె కూతురికి ఫోన్ చేసి సరే అన్నాను."

"రద్దు చేసి ఉంటే?"

"ఏమో. ఇక్కడే ఉండి నిన్ను తిడుతూ ఉండేదాన్నేమో." ఆమె నవ్వబోయి మానేసింది. "ఆ సాక్సులు ఇటియ్యి."

సాక్సులు అందించాడు. చెప్పాల్సిన మాట అతని దగ్గర నెల నుంచీ ఉంది. కానీ ఆ మాట అంటే, ఉండి ఏం చెయ్యమంటావని ఆమె అడుగుతుంది. ల్యాబు వెనక్కి తెప్పించగలడా? ఈ ఊళ్ళో ఆమెకో పని చూపించగలడా? బిల్లులు కొట్టే కుర్చీలోకి మళ్ళీ వెళ్ళి కూర్చోమనగలడా? చేతిలో ఏమీ లేకుండా ఒక మనిషిని ఆపడం సిగ్గులేనితనమనిపించింది. అందుకే పట్టిక వేశాడు. పట్టికైతే ఎవరినీ ఏమీ అడగదు. ఇప్పుడు ఆ సంగతైనా చెబుదామనుకున్నాడు. ఈలోగా కింది నుంచి లియంకా ఏడుపు వినిపించింది. ఇద్దరూ ఒకేసారి లేచారు.

ఆదివారం పొద్దున్న ఊరి చివర పెట్రోల్ బంకు దాకా ముగ్గురూ కారులో వెళ్ళారు. అక్కడి నుంచి వాలికా, ఇల్దికో అనే ఇంకో ఆమె యుడితా కారులో వెళ్తారు. బ్లాజెయ్, పాప నడిచి ఇంటికి వస్తారు. వాలికా ముందు సీట్లో స్థిరపడి, బెల్టు పెట్టుకుని, అద్దం దించింది.

"మాస్టారూ, మొహం అలా పెట్టకండి. మీ ఆవిణ్ణి మేమేం కొరుక్కు తినం. మా ఆయనకి పదకొండేళ్ళు పట్టింది గుడ్డు ఉడకబెట్టడం నేర్చుకోడానికి. మీరు చదువుకున్నారు, ఏడాదిలో వచ్చేస్తుంది."

వెనక నుంచి ఇల్దికో, తన మొగుడికి ఇంకా రాలేదని, అందుకే తను ఎప్పుడొస్తుందా అని ఆయన రోజులు లెక్కపెట్టుకుంటాడని అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. యుడితా పాపను ముద్దు పెట్టుకుంది. లియంకా ఆమె మెడ చుట్టూ చేతులు వేసి వదల్లేదు. బ్లాజెయ్ ఆ చిన్న వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది. ఆ పని అతను చేస్తున్నంతసేపూ యుడితా కళ్ళు మూసుకుని నిలబడింది. తర్వాత వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చుంది.

బ్లాజెయ్ కిటికీ దగ్గర వంగాడు. టైర్లలో గాలి చూపించుకోమని చెబుదామనుకున్నాడు.

"వెళ్ళొద్దు యుడితా" అన్నాడు.

బళ్ళో పాఠం చెప్పే గొంతుతోనే అన్నాడు, ఇంకో గొంతు రాలేదు. వాలికా సంచిలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఇల్దికో అటు తిరిగి బంకు ధరల బోర్డు చదువుతోంది. యుడితా రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుంది.

"పాపకి చెవులు కప్పు. గాలేస్తోంది" అంది.

అద్దం పైకి లేచింది. బండి కదిలి, బంకు దాటి, ఎడమకు ఇండికేటర్ దీపం వేసి పెద్ద రోడ్డు ఎక్కింది. బ్లాజెయ్ పాప టోపీని చెవుల మీదికి లాగాడు. కారు నేరుగా వెళ్తోంది, వేగం పెరిగింది. వెనక ఎడమ దీపం మాత్రం వెలిగి ఆరుతూ ఉంది. ఫోన్ చేసి చెబుదామని జేబులో చెయ్యి పెట్టాడు. నడిపేటప్పుడు ఆమె ఫోన్ ఎత్తదు.

"అమ్మ ఎటు తిరుగుతోంది నాన్నా?" అంది లియంకా.

"ఎటూ తిరగట్లేదమ్మా. దీపం ఆపడం మర్చిపోయిందంతే" అన్నాడు.