కొబ్బరికాయలు ఒలిచిన రాజు

ఆ రోజుల్లో, అంటే గోదావరికి ఆనకట్ట కట్టి మా వైపు కాలవలు తవ్వుతున్న కాలంలో, నాటకం నేర్చుకుంటామంటే అచ్చుపుస్తకం ఎక్కడిది? పద్యం దొరికే చోట్లు రెండే: మా నాటకమేళం నడిపే పంతులుగారి తాటాకుల కట్ట, పంతులుగారి నోరు. కట్టను మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు (మా చేతి చెమటకి అక్షరాలు చెరిగిపోతాయని భయం). ఇక నోరు తెరిపించాలంటే అంబాజీపేట దగ్గర ఆయన తోటలో కొబ్బరికాయలు ఒలవాలి. నేలలో పాతిన గునపం మొనకి కాయ గుచ్చి, మణికట్టు తిప్పి నేను పీచు డొక్క ఊడదీస్తుంటే, ఆయన అరుగు మీంచి పద్యం చెప్పేవారు. నేను వల్లించేవాణ్ణి. అప్పటికి ఇరవయ్యేళ్లవాణ్ణి. పద్యాలకంటే కాయలే ఎక్కువ వచ్చాయని మా అమ్మ అనేది.

పంతులుగారి పద్యాలు పాతబడ్డాయని చాలా ఊళ్లు మా మేళాన్ని పిలవడం మానేశాయి. అలాంటప్పుడు రాజోలు వైపు ఒక ఊరి శిస్తు అనుభవించే మొఖాసాదారుగారు కబురు పెట్టారు. ఆట నచ్చితే ఏటా మమ్మల్నే పిలుస్తారట. రాజు వేషం నాది, రాణి వేషం మా మావయ్యది (ఆయన భుజాలు చూస్తే రాజ్యం ఆయనే ఏలుతున్నట్టుండేది). రాణి దూరమై రాజు దుఃఖించే సీసపద్యం మీదే ఆటంతా నిలబడి ఉంది.

తెర తీశారు. మద్దెల ఆగింది. నోరు తెరిచాను, పద్యం రాలేదు. పంతులుగారు మొదటి మాట అందించారు. అది పలికాక రెండోది రాలేదు. మొఖాసాదారుగారు తాంబూలం నమలడం ఆపేశారు. అప్పుడు మావయ్య, ఆ ఘట్టంలో రాణి కంటబడనే కూడదన్న సంగతి మరిచి, కొంగు ముసుగేసుకుని నా పక్కకొచ్చాడు.

"ఒరే అల్లుడూ, కాయ ఒలువు. ఎదురుగా గునపం ఉందనుకో," అన్నాడు చెవిలో.

రెండు చేతులతో లేని కాయను పట్టుకుని, లేని మొనకి గుచ్చి తిప్పాను. మొదటి పాదం ఊడొచ్చింది! మళ్లీ తిప్పాను, రెండోది వచ్చింది. పద్యం పూర్తయ్యేసరికి కిరీటం చెవి మీదికి జారింది, ముఖమంతా చెమట. ముందు వరసలో ఒక ముసలమ్మగారు కళ్లు తుడుచుకుంటున్నారు.

ఆట అయ్యాక మొఖాసాదారుగారు పంతులుగారి దగ్గరికి వచ్చారు. "రాజుగారు గుండెని చేతుల్తో మెలిపెట్టుకున్నట్టు చేసేరండీ. ఆ అభినయం ఎక్కడిదండీ?"

పంతులుగారు నావైపు ఒకసారి చూశారు. "ఆయ్, మా తోటలోదేనండి," అన్నారు.

తిరుగు ప్రయాణంలో పడవలో పంతులుగారు ఏటా రమ్మన్నారని చెప్పి, ఈలోగా చేతులు కట్టుకుని పద్యం చెప్పడం నేర్చుకోమన్నారు.

నేర్చుకున్నాను. ఇప్పుడు పదిమందికి నేర్పుతున్నాను కూడా. చేతులు కట్టుకుని కూర్చుంటే ఆ సీసం తడుముకోకుండా కాలవనీరులా వచ్చేస్తుంది. పిల్లలు భేష్ అంటారు, కళ్లు మాత్రం ఎవరివీ చెమర్చవు. అప్పుడప్పుడు ఆ కిరీటం జారిన కుర్రాణ్ణి పిలిచి, నా ఎదుట నిలబెట్టి, "ఏదీ నాయనా, నువ్వొకసారి చెప్పు" అని అడగాలనిపిస్తుంది.