త్రినాథరావు బండి, కృష్ణకుమారి ఆటో

ఆ మధ్య గురువారం సాయంత్రాలు మీర్‌పేట్ రోడ్డు మీద ఒక వింత ఊరేగింపు కనిపించేది. ముందు ఒక షేర్ ఆటో, దాని వెనకాలే మొహం నిండా ఫైబరు తొడుక్కున్న పెద్ద క్రూయిజర్ మోటార్‌సైకిల్. ఆటోలో కృష్ణకుమారి, బండి మీద ఆవిడ భర్త త్రినాథరావు. ఇద్దరూ దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికే. సిగ్నల్ పడితే ఆయన ఆటో పక్కకొచ్చి ఆగి, "కొబ్బరికాయ తెచ్చావా?" అని అడిగేవాడు. తెచ్చానని ఆవిడ చెప్పేది. పచ్చలైటు పడగానే ఎవరి దారిన వాళ్లు ఒకే చోటికి పోయేవారు.

త్రినాథరావుది తణుకు దగ్గర పల్లె. బ్యాంకు ఉద్యోగం ఈ ఊరికి తీసుకొచ్చి ముప్పైయొక్కేళ్లయింది. అన్నేళ్లలో స్కూటర్లు రెండు మారాయిగానీ వెనక కూర్చునే మనిషి మారలేదు. రిటైరైన నెలకే క్రూయిజర్ కొన్నాడు. ఎందుకని అడిగినవాళ్లకి, "ఆవిడ సుఖంగా కూర్చోవాలి కదండీ, స్కూటర్ మీద ఎన్నాళ్లు?" అనేవాడు. మనసులో ఇంకో కారణం కూడా ఉండే ఉంటుంది. ఆయన చెప్పనిది మనం అనడం మర్యాద కాదు.

మొదటివారం ఆవిడ ఎక్కింది. "గాలి బాగా కొడుతోందండీ, కళ్లలో దుమ్ము" అంది, మామూలుగా. ఆ మాట చాలింది. మర్నాడే ఆయన ఎల్బీ నగర్‌లో లింగస్వామి దుకాణం ముందున్నాడు.

లింగస్వామిది నల్గొండ వైపు. బళ్లకి ఇలాంటి అలంకారాలు బిగించడంలో చెయ్యి తిరిగినవాడు. అతనికో పట్టుదల ఉంది. కస్టమరు ఎంత బతిమాలినా బండికి బెజ్జం వెయ్యడు, వెల్డింగు పెట్టడు. ఏదైనా బోల్టులతోనే. "పెట్టింది తీసేటట్టుండాలె సార్, మనిషి మనసు ఎప్పుడెట్లుంటదో ఎవనికెర్క" అంటాడు. అలా ముందు ఫెయిరింగ్ వచ్చింది, హెడ్‌లైటు చుట్టూ గాలిని ఆపే నల్లటి ముసుగు.

తర్వాత వారం కూరల సంచి ఒళ్లో బరువుగా ఉందంది. వెనక చక్రానికి అటూ ఇటూ రెండు సైడ్ బాక్సులు వచ్చాయి. ఆ గురువారమే ఆవిడ నడుం నొప్పి అని ఆటో ఎక్కింది. నడుం నొప్పి అంది కదా అని, చేతులు కూడా ఆనించుకునే కడ్డీలతో బ్యాక్‌రెస్ట్ వచ్చింది. మళ్లీ ఆటోయే. సౌకర్యం పెరిగేకొద్దీ ఆవిడ దూరం జరుగుతోంది, ఆవిడ జరిగేకొద్దీ ఆయన ఇంకోటి బిగిస్తున్నాడు.

త్రినాథరావుకి దిగులు పట్టుకుంది. వెనక బరువు లేకుండా బండి నడపడం ఆయనకి చేతకాదు. కర్మన్‌ఘాట్ మలుపులో "గట్టిగా పట్టుకో" అని ఖాళీ సీటుకి చెప్పి నాలిక కరుచుకున్నాడు. నా వెనక కూర్చోవడం మొహం మొత్తిందేమో, అడిగితే అవునంటుందేమో అని భయం. అడగలేదు. లింగస్వామిని అడిగాడు.

"ఏవయ్యా, ఇంకేం పెడితే ఆవిడ ఎక్కుతుందంటావ్?"

"నాకేమెర్క సార్? అమ్మ ఏమంటున్నది?"

"బావుందండీ అంటుంది. అని ఆటో ఎక్కుతుంది."

లింగస్వామి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "అమ్మ ఒకదిక్కు కూసుంటదా, రెండుదిక్కుల కాళ్లేస్తదా?"

"ఒకవైపే. చీర కదా."

"మరి కాలెక్కడ పెడ్తది?"

త్రినాథరావు వంగి చూశాడు. చీర చక్రంలో పడకుండా అడ్డుండే శారీ గార్డూ, దాని కింద పాదం ఆనించే చిన్న రేకూ ఉండాల్సిన చోట సైడ్ బాక్సు నిగనిగలాడుతోంది.

"ఇక్కడుండేది ఏం చేశావయ్యా?"

"డబ్బా బిగించిన నాడే తీసేసిన సార్. నా దగ్గరకొచ్చే పోరగాండ్లందరు మొదలు గదే తీసెయ్యమంటరు. మీరు చెప్పలే, నేనడగలే." దుకాణం మూల చూపించాడు. అక్కడ శారీ గార్డులు గుట్టగా పడి ఉన్నాయి.

"ఆవిడైనా ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"మీరు గంత మురిసిపోతుంటే ఎట్ల చెప్తది సార్?"

త్రినాథరావు అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. ముప్పైయొక్కేళ్లూ వెనకే కూర్చుంది కాబట్టి, ఆవిడ ఎలా కూర్చుంటుందో ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. భుజం మీద చెయ్యి పడుతుంది, బండి కాస్త కిందికి దిగుతుంది, "పోనివ్వండి" అని వినిపిస్తుంది. ఆయనకి తెలిసిందంతే.

ఒకవైపు కూర్చునే మనిషికి అడ్డమొచ్చే బ్యాక్‌రెస్టూ, ఎడమవైపు బాక్సూ ఊడాయి, శారీ గార్డు మళ్లీ ఎక్కింది. కుడివైపు బాక్సు మాత్రం కూరలకని ఉంచమన్నాడు. బండి ఒకవైపు మీసం గొరిగించుకున్న మనిషిలా తయారైంది. లింగస్వామి దాని వంక ఎక్కువసేపు చూడలేదు.

గురువారం అపార్ట్‌మెంటు సెల్లారులో, "ఆటో పిలవకు కుమారీ, ఎక్కు" అన్నాడు.

ఆవిడ ఎడమవైపు చూసింది. "బాక్సేదండీ?"

"తీయించేశాను."

"అయ్యో, ఎంత బావుండేదో" అంటూనే, ఆయన మాట మార్చుకునేలోపల ఎక్కి కూర్చుంది. బండి ఇంకా మెయిన్ స్టాండు మీదే ఉంది.

"ఒక్క నిమిషం కదలకు" అని ఆయన ఎడమవైపుకి వచ్చి నిలబడ్డాడు. టైరులో గాలి లేదనుకుని వాచ్‌మన్ బక్కయ్య కూడా వచ్చాడు.

రేకు మీద ఒక్క పాదమే పట్టింది. కృష్ణకుమారి పొట్టి మనిషి, ముందున్న ఫుట్‌రెస్టు అందదు. రెండో కాలు గాల్లో వేలాడుతోంది. చెప్పు జారిపోకుండా వేళ్లతో గట్టిగా బిగపట్టి ఉంది.

"కాలు అలా పెట్టావేం?"

"ఎక్కడ పెట్టనండీ? ఎప్పుడూ ఇంతేగా."

"ఎప్పుడూ అంటే?"

"మొదటి స్కూటర్ కొన్నప్పట్నించీ" అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు అనలేదు, అడిగాడు కాబట్టి చెప్పింది.

త్రినాథరావుకి సిగ్గేసింది. గచ్చు మీద మోకాళ్లు ఆనించి కూర్చుని, రేకు చివర నుంచి ఆ వేలాడే పాదం దాకా చేత్తో కొలిచాడు. నాలుగు వేళ్ల దూరం వచ్చింది. నమ్మకం కలక్క మళ్లీ కొలిచాడు.

"ఏంటండీ ఇది, బక్కయ్య చూస్తున్నాడు, లేవండి."

"చూడనీ. నేనూ ఇవాళే చూస్తున్నాను."

వాళ్లు ఆ రోజు గుడికన్నా ముందు ఎల్బీ నగర్‌లో లింగస్వామి దుకాణానికి వెళ్లారు.