సోఫా వెనక బయూమీ

షుక్రీ అబుల్‌ఫుతూహ్ గారికి ఒక్క డైలాగు కూడా గుర్తుండేది కాదు. కైరోలో ఇది తెలియని ప్రొడ్యూసరు లేడు. నూట పన్నెండు సినిమాల్లో తండ్రిగా, జమీందారు పాషాగా, జడ్జిగా వేసిన మనిషికి "అవును" అనడానికి కూడా వెనకనుంచి ఎవరో "అవును" అని అందించాలి.

ఆ అందించేవాడు బయూమీ. కుర్రతనంలో ఇద్దరిదీ ఒకే నాటకాల కంపెనీ. అది మూతపడ్డాక షుక్రీ గారు సినిమాల్లోకి వస్తూ బయూమీని కూడా వెంటబెట్టుకొచ్చారు. అసిస్టెంట్ డైరెక్టరుగా నా ఉద్యోగంలో సగం బయూమీని దాచడమే. సోఫా వెనక దాచాను, పెళ్లికూతురి మంచం కింద దాచాను. ఎడారి సీనులో ఇంకేమీ లేక ఒంటె వెనక నిలబెట్టాను. ఒంటె నడిచిపోయింది. ఆ సంగతే చూసుకోకుండా బయూమీ కాగితం పట్టుకుని డైలాగులు చెబుతూనే ఉన్నాడు.

"షుక్రీ గారూ, 'నా కూతురా!' అని ఒక్క మాట అనలేరా?" అని ఓసారి బతిమాలాను.

"కూతురో కొడుకో ఎలా గుర్తుపెట్టుకోమంటావు నాయనా?"

"ఎదురుగా నిలబడింది కదండీ!"

"ఈ కాలం పిల్లల్ని చూసి ఏం చెప్పగలం?"

చివరికి కొత్త డైరెక్టరు ముఖ్తార్‌కి ఒళ్లు మండింది. మైకులో షుక్రీ గారికంటే బయూమీ గొంతే గట్టిగా వినిపిస్తోందట. "ఆ ముసలాయన ఇక గేటు దాటి రాకూడదు. రేపు పొద్దున్నే వెళ్లి చెప్పిరా," అన్నాడు.

నాకు మనసొప్పలేదు. బయూమీకి వేరే పని రాదు, నా అన్నవాళ్లు లేరు. అయినా పొద్దున్నే ఇమాదుద్దీన్ వీధిలో వాళ్లు కూర్చునే కాఫీ హోటల్‌కి వెళ్లాను. ఇద్దరూ నావైపు వీపు పెట్టి కూర్చున్నారు. షుక్రీ గారి చేతిలో కాగితం లేదు. ఆ రోజు సీను మొత్తం, తనదీ, హీరోయిన్‌దీ, తలుపు తీసే నౌకరుదీ కూడా, గడగడా అప్పజెబుతున్నారు!

"'ఈ ఇంట్లో నీకు చోటు లేదు.' ఊఁ, అను బయూమీ."

"'ఈ ఇంట్లో నీకు చోటు లేదు.' ఇది తలుపు కొట్టాకా, కొట్టకముందా?"

"కొట్టాక. నిన్నటి సీనులో డైలాగు ముందే అనేశావు గాడిదా. నీ వెంట నేనూ అనాల్సొచ్చింది."

"కళ్లు బాగున్నప్పుడు ఒక్క తప్పయినా చేశానా? ఇప్పుడు కాగితం తిరగేసి పట్టుకున్నా తెలియడం లేదు. నన్నొదిలెయ్ షుక్రీ. నీకు నేనెందుకు?"

"నోర్ముయ్. టీ చల్లారిపోతోంది, తాగు. తాగి తర్వాతి డైలాగు చెప్పు."

షుక్రీ గారి మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. వెళ్లిన పని చేయకుండానే స్టూడియోకి తిరిగొచ్చాను.

"చెప్పావా?" అన్నాడు ముఖ్తార్.

"లేదండీ. బయూమీ లేకపోతే షుక్రీ గారికి సొంత పేరు కూడా గుర్తుండదు. షూటింగ్ ఆగిపోతుంది."

"ఏదీ, చూద్దాం!"

ఇద్దరూ వచ్చారు. బయూమీ సోఫా వెనక తన చోటులో కూర్చున్నాడు. "షుక్రీ గారూ, మీ పేరు చెప్పండి," అన్నాడు ముఖ్తార్.

షుక్రీ గారు నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను. ఆయనకి అర్థమైపోయింది. నూట పన్నెండు సినిమాల్లోనూ ఆయన అంత గొప్పగా నటించలేదు. నుదురు రుద్దుకున్నారు, పైకి చూశారు, పెదవులు కదిపి ఆగిపోయారు.

"షుక్రీ," అని సోఫా వెనకనుంచి వినిపించింది.

"షుక్రీ!" అన్నారాయన, గండం గడిచినట్టు.

ముఖ్తార్ చాలాసేపు ఆయన్నే జాలిగా చూశాడు. "సోఫాని ఇంకాస్త దగ్గరికి జరపండయ్యా," అన్నాడు. "వెనకున్న పెద్దాయన మెల్లిగా చెప్పినా షుక్రీ గారికి వినపడుతుంది."