తియ్యటి బావి

తబేరా మా దీవికి కోడలుగా వచ్చింది. అంతకుముందు రాజధానిలో నర్సు చదువులో చేరి, రక్తం చూస్తే కళ్ళు తిరుగుతున్నాయని మధ్యలోనే మానేసిందట. ఇక్కడి కౌన్సిల్ వాళ్ళు ఆమెకు బావినీళ్ళు పరీక్షించే పని ఇచ్చారు. అడుగున మందు కాగితం ఉన్న చిన్న సీసాల్లో నీళ్ళు పట్టి, మూత బిగించి నీడన పెట్టేది. నీళ్ళలో పెంట కలిసి ఉంటే రెండు మూడు రోజుల్లో సీసా నల్లబడేది.

"సీసాలమ్మ వస్తోంది, బావులు దాచుకోండర్రా!" అని కొబ్బరిచెట్ల మీద కల్లు గీసేవాళ్ళు అరిచేవారు.

"మీ కల్లు కూడా ఓ సీసాడు పొయ్యండి, దాని సంగతీ చూస్తాను" అనేది తబేరా.

ఊళ్ళో అన్నిటికన్నా తియ్యటి నీళ్ళు కబుతా బావివి. కబుతా తబేరాకు అత్త; తబేరా భర్త ఇయోతెబాను కనలేదు గాని పెంచింది. ఆ బావి ఆమె పెనిమిటి తవ్వినది. వానల్లేక మిగతా బావులు ఉప్పెక్కిన ఏడు ఊరంతా ఆ నీళ్ళే తాగింది. మెరెతా అనే బాలింతకైతే కబుతా తానే బకెట్టు మోసుకెళ్ళి ఇచ్చి వచ్చేది.

ఆ ఏడే పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. మెరెతా బిడ్డ మరీ వడిలిపోతే ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. తబేరా ఊళ్ళోని బావులన్నీ పరీక్షించింది. అత్త బావి సీసా సిరాలా నల్లబడింది.

ఇయోతెబా తల పట్టుకున్నాడు. "మా అమ్మని ఊళ్ళో తలెత్తుకోనివ్వవా? ఇంకోసారి చూడు. నీ మందే పాడయిందేమో."

ఆమె ఇంకోసారి చూసింది. నలుపే వచ్చింది. ఇక దాచలేక కబుతా దగ్గరికి వెళ్ళింది. ముసలామె మొగలాకు చాప అల్లుతోంది.

"అత్తా, బావి మూసెయ్యాలి."

"నా మొగుడు తవ్విన బావిని మూసెయ్యమంటావా? ఆ సీసాలో నువ్వే ఏదో కలిపుంటావ్!"

"నేను ముట్టుకోను. నువ్వే నీళ్ళు పట్టి, నీ దగ్గరే పెట్టుకో."

కబుతా సీసా లాక్కుంది. తానే నింపి, మూత బిగించి, దుప్పట్ల పెట్టెలో దాచింది. మూడోనాడు కోడలిని పిలిపించింది. సీసా చాప మీద పెట్టి ఉంది. ఆమె దానివైపు చూడటం లేదు.

"మెరెతా బిడ్డకి జబ్బు నా నీళ్ళ వల్లేనా?" అంది.

తబేరాకు అబద్ధమాడాలనిపించింది. పక్కన కూర్చుని ముసలామె చెయ్యి పట్టుకుంది. "అయ్యుండొచ్చు అత్తా. కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. పోయినేడు సముద్రం పొంగినప్పుడు పందుల దొడ్డి బావి పక్కకి మార్చాం కదా, ఆ మురికే దిగింది. మార్చమన్నది మీ అబ్బాయే, కర్రలు పాతింది నేనే."

ఆ సాయంత్రం కబుతా మెరెతా ఇంటిముందు నేలమీద కూర్చుంది. ముందురోజే ఆసుపత్రి నుంచి తెచ్చిన బిడ్డను ఎత్తుకుని మెరెతా బయటికి వచ్చింది. బిడ్డ చిక్కిపోయింది గాని కళ్ళు విప్పి చూస్తోంది.

"బయట కూర్చున్నావేంటవ్వా? లోపలికి రా. కాసేపు దీన్ని ఎత్తుకో, నా చేతులు లాగేస్తున్నాయి" అంది మెరెతా.

కబుతా బిడ్డను గుండెకు హత్తుకుని ఏడ్చింది.

మర్నాడు పెద్దలు సభా మందిరంలో కూర్చున్నప్పుడు తబేరా నోరు విప్పకముందే కబుతా లేచి, తన బావి నీళ్ళు ఎవరూ తాగొద్దని చెప్పింది. పందులను దూరంగా కట్టించింది. అలవాటు కొద్దీ బకెట్లతో వచ్చినవాళ్ళను గట్టుమీద కూర్చుని వెనక్కి పంపేది. "బట్టలకైతే తోడుకోండి. నోట్లో పోశారో, చెయ్యి విరగ్గొడతా" అనేది.

వానలు పడ్డాక కూడా ఆ బావి నీళ్ళు పట్టిన సీసా నల్లబడుతూనే ఉంది. అప్పుడు కబుతా తన నేలలోనే, ఇళ్ళకూ దొడ్లకూ దూరంగా, సీమపనస చెట్టు అవతల మరో చోటు చూపించింది. ఇయోతెబా, ఊరి మొగవాళ్ళు కలిసి తవ్వారు. కల్లు గీసేవాళ్ళూ దిగివచ్చి పారలు పట్టారు. కొత్త బావి సీసా మాత్రం పట్టిన నీళ్ళు పట్టినట్టే తేటగా నిలిచింది.

ఇయోతెబా మొదటి దోసిలి తాగి మొహం చిట్లించాడు. "ఉప్పగా ఉన్నాయే! పాత బావి నీళ్ళ రుచెక్కడ, ఇవెక్కడ!"

"రుచి సంగతి తర్వాత. ఆ బకెట్టు మెరెతా ఇంట్లో ఇచ్చి రా" అంది కబుతా.

"నేనిస్తాలే" అని తబేరా బకెట్టు అందుకోబోయింది.

"నువ్వుండవే. ఎల్లుండి మళ్ళీ సీసా పట్టాలన్నావుగా, ఆ పని చూసుకో."