హాలు మూసిన మేయరమ్మ

పామర్‌స్టన్ నార్త్ నుంచి వెల్లింగ్టన్ వెళ్లే దారిలో తవామోవా ఒక చిన్న ఊరు. సాయినాథ్ పొద్దున్నే రైలెక్కి వెల్లింగ్టన్‌లో ఐటీ ఉద్యోగానికి వెళ్లేవాడు. అతని భార్య వేదవతి ఊళ్లో ఉన్న ఒకే ఒక్క మందుల షాపులో ఫార్మసిస్టు. అమలాపురంలో చదివిన చదువు ఇక్కడ చెల్లక, పరీక్షలన్నీ మళ్లీ రాసి ఆ ఉద్యోగం తెచ్చుకుంది. ఎవరికి షుగరుందో, ఎవరికి నిద్రపట్టదో ఆమెకు తెలుసు. ఆ సంగతులు షాపు గడప దాటేవి కావు.

ఆ గుణం చూసే గ్రాహం అనే పాడిరైతు 2010లో ఆమెను కౌన్సిలర్‌గా నిలబెట్టాడు. 2013లో పాత మేయరు తప్పుకున్నప్పుడు కూడా ఆమె పేరు ప్రతిపాదించింది గ్రాహమే. తన పొలం గేటుకి ఆమె ఫొటో ఉన్న బోర్డు కట్టాడు. వేదవతి గెలిచింది.

అమలాపురం నుంచి అన్నయ్య బాలసుబ్రహ్మణ్యం ఫోన్ చేశాడు.

"కారూ, డ్రైవరూ ఇచ్చారేంటమ్మా?"

"లేదన్నయ్యా. నా కారే, నేనే డ్రైవింగు."

"మరి మేయరంటే ఏం చేస్తావే?"

"ఈ పొద్దున అయితే, పక్కింటి కుక్క మొరుగుతోందని ఒకావిడ చెప్తుంటే గంటసేపు విన్నాను."

అన్నయ్య నవ్వాడు. ఆమె హాస్యానికి చెప్పలేదు. గుంతల రోడ్లు, పొంగే డ్రెయిన్లు, చెత్తబండి రాని వీధులు, అన్నీ నేరుగా ఆమె ఫోన్‌కే వచ్చేవి. శనివారం కూరగాయలు కొనడానికి వెళ్తే ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమయ్యేది.

అంతవరకూ అలసటే కానీ బాధ లేదు. బాధ మెమోరియల్ హాలుతో మొదలైంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఊరివాళ్ల జ్ఞాపకంగా కట్టిన ఇటుకల హాలు అది. లోపల పాలరాతి మీద వాళ్ల పేర్లుంటాయి. అందులో గ్రాహం తాతగారి అన్నదమ్ముల పేర్లు రెండు. ఊళ్లో పెళ్లిళ్లు, డాన్సులు, బడి పిల్లల బహుమతుల సభలు అన్నీ అక్కడే. క్రైస్ట్‌చర్చ్ భూకంపంలో ఇటుక గోడలు కూలి జనం చనిపోయాక దేశమంతా పాత ఇటుక కట్టడాలను పరీక్షిస్తూ వచ్చారు. 2015లో తవామోవా వంతు వచ్చింది. ఓ మాదిరి భూకంపానికే హాలు గోడలు కూలతాయని, జనాన్ని లోపలికి పంపొద్దని ఇంజనీరు తేల్చి చెప్పాడు. గట్టిపరచాలంటే ఊరికి తలకు మించిన ఖర్చు.

కౌన్సిల్లో ఓట్లు వేస్తే సగం మంది మూయాలన్నారు, సగం మంది వద్దన్నారు. అలా సమానమైనప్పుడు మేయరు ఇంకో ఓటు వేసి తేల్చాలి. గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. గ్రాహం కూతురి పెళ్లి వచ్చే నెల అదే హాల్లో జరగాల్సి ఉంది. వేదవతి మూయడానికే ఓటేసింది.

మర్నాడు గ్రాహం షాపుకి వచ్చాడు.

"ఒక్క నెల ఆగలేకపోయావా వేదా?"

"ఆ నెలలోనే భూకంపం వస్తే, గ్రాహం? లోపల మీ అమ్మాయి ఉంటుంది."

"మా అమ్మ పెళ్లి అక్కడే, నా పెళ్లీ అక్కడే. ఏం కాలేదు."

అనేసి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి మందులకు వేరే ఊరు వెళ్లడం మొదలుపెట్టాడు. పెళ్లి పక్క పొలంలోని గొర్రెల షెడ్డులో జరిగింది. మేయరుకి పిలుపు రాలేదు.

భూకంపం రాలేదు. వచ్చిన చిన్నాచితకా ప్రకంపనలకి హాలు ఒక్క ఇటుక కూడా రాల్చలేదు. ప్రతిసారీ ఎవరో ఒకరు ఆమె ముఖం మీదే ఆ మాట అనేవారు. హాలు చుట్టూ వేసిన కంచెకి ఒకరోజు ఎవరో అట్టముక్క తగిలించారు. మేయరు ఇంటికి వెళ్లిపోవాలని దాని మీద రాశారు. బడి నుంచి వస్తూ అది చూసిన కూతురు హారిక ఇంగ్లిషులో అడిగింది. "ఏ ఇంటికమ్మా?"

వేదవతి బియ్యం కడిగి కుక్కరు పెట్టింది.

2016లో మళ్లీ నిలబడొద్దన్నాడు సాయినాథ్.

"నీకు బీపీ వచ్చింది. చాల్లే, మానెయ్యి."

"ఇప్పుడు మానేస్తే తప్పు చేశానని ఒప్పుకున్నట్టేనండీ."

బొటాబొటీగా గెలిచింది. ఆ గెలుపులో ఉత్సాహం లేదు. సభల్లో ఏ విషయం ఎత్తినా చివరికి హాలు దగ్గరికే వచ్చేది. ఇంటికొచ్చి కారు ఆపాక చాలాసేపు స్టీరింగు మీద చేతులుంచి అలాగే కూర్చునేది. లోపలికెళ్తే మళ్లీ మాట్లాడాలి.

2019లో గ్రాహమే ఆమె మీద పోటీకి దిగాడు. హాలు తెరిపిస్తానన్నది ఒక్కటే అతని మాట. చాలా తేడాతో గెలిచాడు. ఫలితం తెలిసిన రోజు సాయినాథ్ ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటుంటే, వేదవతి అప్పటికే సోఫాలో నిద్రపోయింది.

మళ్లీ రోజూ షాపుకి వెళ్లడం మొదలుపెట్టింది. డిసెంబరులో ఒక మధ్యాహ్నం గ్రాహం వచ్చాడు. మందుల చీటీ ఏదీ తేలేదు.

"నేను తెరవలేను వేదా," అన్నాడు. "ఇంకో ఇంజనీరుని పిలిపించాను. అతనూ అదే చెప్పాడు. ఇన్సూరెన్సు వాళ్లు కుదరదన్నారు. తాళం చేతిలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లాను. పిల్లలు లోపల ఆడుతున్నట్టు అనిపించి వెనక్కొచ్చేశాను."

ఇన్నేళ్లూ ఆమె ఎదురుచూసిన మాట అదే. తీరా విన్నాక సంతోషం రాలేదు.

"ఊరికి ఎప్పుడు చెప్తారు?"

"గురువారం. నువ్వొచ్చి నా పక్కన నిలబడతావా?"

"నిలబడను గ్రాహం. నాకిక ఓపిక లేదు." కౌంటరు మీది చీటీలు సర్దుతూ అంది. "వచ్చి కూర్చుంటాను."

గురువారం బడి జిమ్నాజియంలో సభ జరిగింది. గ్రాహం చెప్పడం పూర్తికాకముందే అరుపులు మొదలయ్యాయి. ఓట్ల కోసం అబద్ధమాడావన్నారు. ఎవరో కుర్చీ తన్ని బయటికెళ్లిపోయారు. వేదవతి వెనక వరసలో కూర్చుంది. లేచి వెళ్లిపోవాలని రెండు మూడుసార్లు అనిపించినా, గ్రాహం తల ఎత్తినప్పుడల్లా తన వైపే చూస్తున్నాడని కదల్లేదు.

అందరూ వెళ్లాక అతను మెల్లగా వచ్చి పక్క కుర్చీలో కూలబడ్డాడు.

"రోజూ ఇలాగే ఉంటుందా?"

"కొన్నాళ్లకి పోయేదేమీ కాదు," అంది వేదవతి. "ఆదివారాలు మాత్రం ఫోన్ ఆపెయ్యండి. నేనా పని చెయ్యలేదు."

కేర్‌టేకర్ వచ్చి కుర్చీలు మడవడం మొదలుపెట్టాక, ఇద్దరూ లేచి చెరో రెండు కుర్చీలు అందుకున్నారు.