తలకిందులైన ఫారం

ప్రెస్సులో తోటి బైండింగ్ పనివాళ్లు ఆయన్ను పాఠం బాబాయి అంటారు. ఆదివారం చర్చిలో పెద్దవాళ్లకు లేఖనాల పాఠం చెప్పేది ఆయనే. ఆకలేసి ఎవరైనా కదిలితే, "కూర్చోవోయ్, ప్రవక్త ఇంకా ఊపిరైనా పీల్చుకోలేదు" అంటాడు. మనసు వెన్న. ధైర్యమూ అంతే, కాస్త వేడి తగిలితే కరిగిపోతుంది.

ఆయనకు ప్రాణమైన పాఠం ఒకటుంది. ఇతరుల తప్పు నెత్తిన వేసుకుని, పల్లెత్తు మాట అనకుండా బాధలు పడిన నిర్దోషి సేవకుడి గురించి పూర్వకాలపు ప్రవక్త చెప్పింది. ఆ సేవకుడు మన యేసుప్రభువేనని చెబుతూ ఏటా కళ్లు తుడుచుకుంటాడు. మూడో బెంచీలో జిగురక్క కనిపిస్తే మాత్రం చూపు కిటికీ మీదికి పోతుంది.

పదకొండేళ్ల కిందట ఆమె జిగురక్క కాదు. కుట్టుబల్ల దగ్గర ఆమె సూదికి తిరుగులేదు. అచ్చయి మడతపెట్టిన పేజీల కట్టలను, అంటే ఫారాలను, వరసగా పేర్చడం బాబాయి పని, పేర్చింది పేర్చినట్టు కుట్టడం ఆమె పని. ఒకరోజు బాబాయి ఆ ప్రవక్త పాఠమున్న ఫారాన్నే తలకిందులుగా పేర్చాడు. రెండువందల బైబిళ్లు అలాగే తయారయ్యాయి. అమ్మకానికి పనికిరాక చర్చిలకు ఊరికే పంచేశారు. మేనేజరు కేకలేస్తే బాబాయి రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంట్లో భార్యకు నెలలు నిండాయి, ఉద్యోగం పోతే ఎలా? అక్క ఆయన మొహం ఒక్కసారి చూసి, "నేనే చూసుకోలేదు సార్" అంది. ఆమెను జిగురు కాచే గదిలో వేశారు.

ఈ ఏడు బాబాయి తన బైబిలు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. ఎవరో బీరువాలోంచి ఒకటి తీసి ఇచ్చారు. పాఠం తెరిచేసరికి పేజీలు తలకిందులుగా ఉన్నాయి. ఆయన పుస్తకాన్ని తిప్పి పట్టుకుంటే జనం నవ్వారు. ఆయనకు మాత్రం ఏడుపొచ్చింది.

"ఇది నా చేతి తప్పు. అక్క మోసింది. ఆ నిర్దోషి మన మధ్యనే..."

"ఆగు తమ్ముడూ," అంటూ జిగురక్క లేచింది. "నన్నా వరసలో కలపకు. ఆయన నోరెత్తలేదు. నేను ఇంట్లో నిన్ను తిట్టని రోజు లేదు. మన పాపాలకు ఆయనొక్కడు చాలు. నీ ఫారానికి మాత్రం నువ్వున్నావుగా? నా కుట్టుబల్ల నాకిప్పించు."

సోమవారం పొద్దున్నే బాబాయి మేనేజరు దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మధ్యాహ్నానికి అక్క కుట్టుబల్ల దగ్గరుంది. సూదిలో దారం ఎక్కించడానికి కళ్లద్దాలు కావలసి వచ్చాయి. బాబాయి జిగురు గదిలో చేరాడు.

"జిగురు ఉండలు కట్టింది తమ్ముడూ, మళ్లీ కాచు!" అని అక్క కేక వేసింది.

ఆవిరికి ఊపిరాడక బాబాయి కిటికీ తెరుద్దామని లేచాడు. ఆ గదికి కిటికీ లేదు. పదకొండేళ్లు పక్క గదిలోనే పనిచేసిన మనిషికి ఆ సంగతి అప్పుడే తెలిసింది.