నలభై లైన్లు, ఒకే ఐసు గుట్ట

మా మేనేజరుగారికి లెక్క పెట్టడం రాదని నాకు ఇరవై ఏళ్ల కిందటే తెలుసు. కంపెనీకి తెలియడానికి మాత్రం పోయిన వేసవి దాకా పట్టింది.

భీమవరం శివారులో మాది రొయ్యల కంపెనీ. మాది అంటే, అందులో నేను వంటమనిషిని. కింద షెడ్డులో ఆడవాళ్లు రొయ్యలు వలుస్తారు. పైన ఆఫీసులో ఏసీ వేసుకుని, కింద వలిచినవాటి గురించి మాట్లాడుకుంటారు. ఆఫీసు వెనక నా వంటగది, దాన్నానుకుని సర్వర్ గది. మధ్యన ఉన్నది చెక్క గోడ. కాబట్టి ఆ గదిలో ఎవరు తుమ్మినా నాకు వినబడుతుంది.

ఆ సర్వర్ చూసేది మా చెల్లెలి కూతురు. గేటు దగ్గర లారీ తూకం నుంచి, ఏ చెరువు సరుకు ఏ డబ్బాలోకి వెళ్లిందో దాకా అన్నీ ఆ పెట్టెలోనే ఉంటాయి. దాన్ని డేటాబేస్ అంటారు. గేటులో, షెడ్డులో, ఆఫీసులో కలిపి నలభై కంప్యూటర్లు దాని మీద ఆధారపడి పనిచేస్తాయి. ఆరేళ్లుగా ఆ పిల్ల ఒక్కతే దాన్ని నడిపించింది. ఆమె జీతం మీదే మా చెల్లెలి ఇల్లు నడుస్తోంది.

పోయిన వేసవిలో రోజూ పొద్దున్న ఎనిమిది గంటలకి కంప్యూటర్లు మొరాయించడం మొదలైంది. గేటు దగ్గర తూకం ఎక్కక లారీలు నిలబడిపోయేవి. మేనేజరుగారు మా పిల్లని అడిగితే సరిపోయేది. అడిగితే ఆయన మేనేజరు ఎందుకవుతారు? విజయవాడ నుంచి టై కట్టుకున్న మనిషిని ఒకణ్ణి పిలిపించారు. అతను పెద్ద సర్వర్లు అమ్మే కంపెనీవాడు. పెట్టె సరిపోతుందని చెప్పడానికి అతను అంత దూరం నుంచి వస్తాడా?

అతను నల్లటి తెర ఒకటి తెరిచాడు. తెర నిండా నలభై లైన్లు. ఒక్కో లైను ఒక్కో కంప్యూటర్ కోసం లోపల నిలబడ్డ పనివాడని మా పిల్ల నాకు ఎప్పుడో చెప్పింది. ప్రతి లైను పక్కనా, ఇది ఇంత మెమరీ వాడుతోందంటూ ఎనిమిది జీబీ, ఎనిమిది జీబీ అని కనిపిస్తోందట. టై అతను ఫోను తీసి నలభై ఎనిమిదులు ఎంతో కొట్టి చూశాడు. ఐదో తరగతితో బడి మానేసిన నేను చింతచిగురు ఏరుతూ అక్కణ్ణుంచే మూడువందల ఇరవై అనుకున్నాను. ఫోను కూడా అదే చెప్పింది.

పెట్టెలో ఉన్న మెమరీ మొత్తం ముప్పై రెండు. ముప్పై రెండు పట్టే పెట్టెలో మూడువందల ఇరవై ఎలా కూర్చుందని అడగడానికి చదువు అక్కర్లేదు, గిన్నెలో బియ్యం పోసిన చెయ్యి ఉంటే చాలు. మేనేజరుగారు అడగలేదు. మిగతాదంతా డిస్కు మీద నడుస్తోందని, అందుకే స్లో అని టై అతను చెబితే, చర్చిలో ముందు వరసలో కూర్చున్నవాళ్లలాగా తల ఊపారు.

మా పిల్ల నెమ్మదిగానే చెప్పింది. "సార్, ఆ ఎనిమిదీ అందరిదీ ఒకటేనండి. మధ్యలో పెట్టుకుని అందరూ వాడుకునేది. ప్రతి లైనూ దాన్నే తన పక్కన చూపిస్తుంది."

"నలభై లైన్లు కళ్లముందు కనబడుతుంటే ఒక్కటంటావేంటమ్మా. స్క్రీను అబద్ధం చెబుతుందా?" అన్నారు మేనేజరుగారు.

టై అతను నవ్వాడు. ఇన్నాళ్లూ సర్వర్‌ని ఇలా వదిలేసిన మనిషిని ఉంచుకోవడం కన్నా, కొత్తది తీసుకుంటే దాన్ని తమవాళ్లే చూసుకుంటారని, ఇక్కడ మనిషే అక్కర్లేదని కూడా అన్నాడు. ఓనరుగారు మెతక మనిషి. శనివారం దాకా చూద్దాం అన్నారు. ఈలోగా ఆ పిల్ల తన మాట రుజువు చేయకపోతే ఒకటో తారీఖు నుంచి రానక్కర్లేదని దాని అర్థం. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. చేతకాని మనిషి అన్న పేరుతో పోతే భీమవరంలో ఇంకో ఆఫీసు గుమ్మం ఎక్కనివ్వరు.

సాయంత్రం వంటగదిలో పీట మీద కూర్చుని ఇదంతా చెప్పింది. నేను నవ్వాను. దానికి కోపం వచ్చింది. కోపం తగ్గాక, నేనెందుకు నవ్వానో చెప్పాను.

నేను వంటగదికి రాకముందు షెడ్డులో రొయ్యలు వలిచేదాన్ని. బల్లకి ఎనిమిదిమందిమి. బల్ల మధ్యలో ఐసు గుట్ట పోసేవారు, రెండు ట్రేలు. చుట్టూ కూర్చుని అందరం అందులోంచే రొయ్య తీసి, వలిచి, మళ్లీ అందులోకే తోసేవాళ్లం. అప్పుడు ఈ మేనేజరుగారు సూపర్‌వైజరు. ఐసు ఎక్కువ ఖర్చవుతోందని పైనుంచి అడిగితే, అట్ట, పెన్ను పట్టుకుని ఒక్కొక్కరినీ అడిగారు: నీ ముందు ఐసు ఎంత? ప్రతి మనిషీ ఆ గుట్టనే చూపించి రెండు ట్రేలండి అంది. ఆయన ఎనిమిది పేర్ల పక్కనా రెండేసి రాసుకున్నారు. బల్లకి పదహారు ట్రేలు. ఐసు గది నుంచి వచ్చింది రెండే. మరి పద్నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చాయి? గుట్ట వైపు తలెత్తి చూస్తే తెలిసేది. ఆయన అట్ట వైపు చూశారు. ఆడవాళ్లు ఐసు దొంగతనంగా తెచ్చుకుంటున్నారని తేల్చారు. మా బల్లకి పెద్దదాన్ని నేను కాబట్టి దొంగని నేనయ్యాను. మర్నాటి నుంచి బల్లకి అర ట్రే ఐసు. ఎండాకాలం. రొయ్యలు మెత్తబడి నల్లమచ్చ పడి, చేపల మేతకి కూడా పనికిరాకుండా పోయాయి. నన్ను షెడ్డులోంచి తీసేసి ఇక్కడ గిన్నెల దగ్గర పడేశారు. ఆయన్ని మేనేజరుని చేశారు.

మా పిల్ల పీట ముందుకి జరుపుకుంది.

"ఆ రోజు బల్ల దగ్గర ఏడుగురిని లేపి చూపించాల్సింది పెద్దమ్మా. గుట్ట గుట్టలాగే ఉండేది."

"మమ్మల్ని లేవనిచ్చింది ఎవరే."

"శనివారం నువ్వు లేపుతావా?"

అదీ మేం చేసిన పని. మా పిల్ల దగ్గర సరైన కొలత కాగితం మీద ఉంది. ఉమ్మడి ఎనిమిదిని ఒక్కసారే రాసి, నలభైమందికి సొంతంగా ఉన్న కొంచెం కొంచెం విడిగా కూడింది. మొత్తం పదకొండు. ముప్పై రెండులో పదకొండు. కానీ కాగితం మీద తప్పు రాసుకోవడం అలవాటైన మనిషికి కాగితం చూపించి ఏం లాభం?

శనివారం నేను చింతచిగురు రొయ్యలు వండాను. ఒంటిగంటకి పెట్టాల్సిన భోజనం పన్నెండింటికే పెట్టాను. ఆ వేళ లారీలు ఉండవు. గేటువాళ్లనీ షెడ్డు గుమస్తాలనీ కూడా పైకి రమ్మన్నాను. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి, కంప్యూటరులో పని మూసేసి రానివాళ్లకి చారే తప్ప కూర లేదని చెప్పాను. నలభైమందిలో ముప్పై ఎనిమిదిమంది మూసేసి వచ్చారు. మిగిలిన ఇద్దరు రొయ్యలు తినరు.

సర్వర్ గదిలో ఓనరుగారు, మేనేజరుగారు, టై అతను తెర ముందు కూర్చున్నారు. నేను మజ్జిగ గ్లాసులు పట్టుకుని వెళ్లి అక్కడే ఉండిపోయాను. లైన్లు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. టై అతని లెక్క ప్రకారం మూడువందల నాలుగు ఖాళీ అవ్వాలి. ఓనరుగారు కళ్లజోడు పెట్టుకుని, పెట్టెలో వాడకం మొదట ఎంత ఉందో, ఇప్పుడెంత ఉందో తనే చదివారు. ఖాళీ అయింది మూడు కూడా లేదు.

సిస్టమ్ వెంటనే వదలదండి అని టై అతను ఏదో నసిగాడు. మేనేజరుగారికి అంతకన్నా గొప్ప ఆలోచన వచ్చింది. వెళ్లినవాళ్లు ఎవరిది వాళ్లు అక్కడే వదిలేసి పోయి ఉంటారు అన్నారు.

"తలా ఎనిమిది వదిలేసి పోతే, ముప్పై రెండు పట్టే పెట్టెలో అవన్నీ ఎక్కడున్నాయి సార్?" అంది మా పిల్ల.

ఆ పెట్టెలో ఫ్యాను ఒకటే తిరుగుతోంది. నేను ఆగలేకపోయాను.

"ఆయనకి అలవాటేనండి. షెడ్డులోనూ ఒక్క ఐసు గుట్టని ఎనిమిది గుట్టలని రాశారు."

అదేంటని ఓనరుగారు అడిగారు. ఆయనకి చేరింది దొంగతనం సంగతే, అట్ట సంగతి చేరలేదు. చెప్పాను. మేనేజరుగారు నేను చెబుతున్నంతసేపూ ఫోను చూసుకున్నారు. ఆ గదిలో సిగ్నలు ఉండదు.

ఓనరుగారు కళ్లజోడు తీసి, పెట్టె ఇదే ఉంటుంది, ఈ అమ్మాయే చూసుకుంటుంది అన్నారు. టై అతన్ని భోంచేసి వెళ్లమన్నారు. అతను పాపం తిని వెళ్లాడు. పొద్దున్నపూట స్లో ఎందుకో కూడా ఆ రోజే బయటపడింది. రాత్రి తీయాల్సిన బ్యాకప్పుని, అంటే పెట్టెలో ఉన్నదంతటికీ తీసే నకలుని, తాను వచ్చాక తన ఎదురుగానే తీయాలని మేనేజరుగారే పొద్దున్న ఎనిమిదికి పెట్టించారు. అది నడిచినంతసేపూ మిగతా పనంతా నెమ్మదిస్తుంది. పెట్టొద్దని మా పిల్ల మెయిలు కూడా పెట్టింది. ఆయన చదవలేదు, నోటితో చెబితే వినలేదు. సోమవారం నుంచి బ్యాకప్పు మళ్లీ రాత్రికి వెళ్లింది, లారీలు కదిలాయి.

మేనేజరుగారు ఆ రోజు అందరూ తిని లేచాక వచ్చారు. ఆ అమ్మాయి ఎంత గట్టిదో చూద్దామనే విజయవాడ నుంచి మనిషిని పిలిపించానని, చేయి కడుక్కుంటూ ఎవరూ అడగకుండానే చెప్పారు. గిన్నెలోకి తొంగిచూసి, కూర ఇంతేనా అన్నారు.

"ఒకటే గిన్నె అండి. అందరూ తిన్నాక మిగిలింది అది."

పెట్టింది తిన్నారు. చింతచిగురు బాగా కుదిరిందన్నారు. ఐసు సంగతి మాత్రం ఎత్తలేదు.